చైనాను ఏ గట్టు దగ్గర చీల్చాలి? ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవారికి ఒక ఎంపిక సలహా

నేను రాసిన మొదటి ప్రత్యామ్నాయ చరిత్ర కథలో ఒక గూఢచారి 1936 శీతాకాలంలో బెయ్‌పింగ్‌లో, అంటే నేటి బెయ్‌జింగ్‌లో, రైలెక్కి, రాత్రంతా కిటికీ పక్కన కునికిపాట్లు పడి, చివరికి షాన్షీ రాష్ట్రంలోని తైయువాన్‌లో దిగుతాడు. కథ చదివిన ఒక పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "షిజియాజువాంగ్‌లో బండి మారలేదేం?"

బెయ్‌పింగ్ నుంచి హాంకౌ వెళ్ళే ప్రధాన మార్గం స్టాండర్డ్ గేజ్. షిజియాజువాంగ్ దగ్గర విడిపోయి షాన్షీ కొండల్లోకి ఎక్కే లైను అప్పట్లో మీటర్ గేజ్. షాన్షీని ఏలిన యెన్ షీషాన్ తన రాష్ట్రంలో కొత్తగా వేయించిన పట్టాలు కూడా ఆ కొలతలోనే ఉన్నాయి. బయటి సైన్యం రైలెక్కి నేరుగా తన గుమ్మంలో దిగకుండా చూసుకున్నాడని జనం చెప్పుకునేవారు. గుంతకల్లులో అర్ధరాత్రి పెట్టే బేడా నెత్తిన పెట్టుకుని బండి మారిన పాతతరం వారికి ఈ అవస్థ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ కథ అటకెక్కింది. ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. యుద్ధకాలపు చైనాను ముక్కలు చేసి రాయాలనుకున్నప్పుడు ముందుగా ఒక పటం తెచ్చుకుని రంగులు పూస్తాం. ఈశాన్యం జపాన్‌కు, వాయవ్యం రష్యాకు, దక్షిణం అమెరికా మిత్రులకు. నిజానికి ఆ దేశం అప్పటికే వాటాలు పడిన ఉమ్మడి ఇల్లు. మంచూరియాలో 1932 నుంచి జపాన్ నిలబెట్టిన మంచుకువో. లోపలి మంగోలియాలో దే వాంగ్ అనే మంగోలు రాజును ముందు పెట్టి నడిపిన మెంగ్జియాంగ్. షింజియాంగ్‌లో 1942 దాకా మాస్కో చెప్పినట్టు నడుచుకున్న షెంగ్ షిత్సాయ్. యునాన్‌లో, నాన్జింగ్ రాజధానిగా కేంద్ర ప్రభుత్వాన్ని నడిపిన చియాంగ్ కై షేక్ మాటను సగమే వినే లోంగ్ యూన్. యెనాన్ గుహల్లో కమ్యూనిస్టులు. షాంఘై నడిబొడ్డున విదేశీయుల సెటిల్‌మెంట్. ఇన్ని ముక్కలున్న చోట ఇంకోసారి చీల్చడం పెద్ద ఊహేమీ కాదు. ఉన్న గట్లలో దేన్ని గోడగా లేపితే కథ నిలబడుతుందో చూసుకోవాలి.

మలుపును, అంటే నిజ చరిత్ర నుంచి కథ పక్కకు తిరిగే ఘట్టాన్ని, ఎంచుకునేటప్పుడు నేను చూసేవి మూడు. చరిత్రను ఆ పక్కకు తిప్పడానికి ఎంత చిన్న తోపు సరిపోతుంది? గట్టు ఎక్కడ పడుతుంది, నది మీదా, పట్టాల మీదా, కరెన్సీ నోటు మీదా? ఆ గట్టును దాటే పని మామూలు మనిషికి రోజూ పడుతుందా? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ ఎంత బాగున్నా ఆ కథ జనరల్స్ మాట్లాడుకునే సమావేశాల చిట్టాగా మిగులుతుంది. ఈ కొలతతోనే కింది మలుపులను తూచాను.

1936 డిసెంబరు: షియాన్‌లో చియాంగ్ చనిపోతే

తోపు విషయంలో దీనికి సాటి లేదు. డిసెంబరు 12 తెల్లవారుజామున షియాన్ బయట వేడినీటి బుగ్గల దగ్గర బస చేసిన చియాంగ్‌ను పట్టుకోవడానికి ఆయన కింది సేనానే అయిన జాంగ్ షుయెలియాంగ్ సైనికులు వచ్చారు; కమ్యూనిస్టులతో పోరు ఆపి జపాన్‌ను ఎదిరించాలన్నది జాంగ్ పట్టు. చియాంగ్ పడుకున్న బట్టలతోనే, కట్టుడు పళ్ళు గదిలోనే వదిలేసి, గోడ దూకి నడుముకు దెబ్బ తగిలించుకుని, వెనుక కొండమీద రాళ్ళ సందులో దాక్కున్నాడు. చలికి వణుకుతూ దొరికిపోయాడు. చీకట్లో పేలిన తూటా ఒక్కటి తగిలి ఉంటే చాలు. నాన్జింగ్‌లో యుద్ధమంత్రి హో యింగ్‌చిన్ షియాన్ మీదికి సైన్యాన్ని పంపుదామని పట్టుపట్టాడు. చియాంగ్ బతికి ఉండాలని స్టాలిన్ కోరుకున్నాడు. సోంగ్ మెయ్‌లింగ్ భర్త కోసం స్వయంగా విమానమెక్కి వెళ్ళింది. రెండు వారాల్లో, డిసెంబరు 25న, చియాంగ్ విడుదలయ్యాడు. ఆయన్ను వెంటబెట్టుకుని నాన్జింగ్ వెళ్ళిన జాంగ్ మాత్రం దశాబ్దాల పాటు నిర్బంధంలో గడిపి, 2001లో హవాయిలో నూరేళ్ళు నిండాక పోయాడు. ఈ ఒక్క మనిషి జీవితమే ఒక నవల, మలుపు కూడా అక్కర్లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. చియాంగ్ లేని చైనా రెండుగా కాదు, ఏడెనిమిదిగా చీలుతుంది. గ్వాంగ్షీలో లీ జోంగ్రెన్, బై చోంగ్షీ, షాన్షీలో యెన్, సిచువాన్‌లో లియు షియాంగ్, షాన్‌డోంగ్‌లో హాన్ ఫూజూ. ఒక్కొక్కరికి ఒక సైన్యం, ఒక ఖజానా, పాత పగలు. వీళ్ళందరినీ పాఠకుడికి పరిచయం చేసేసరికే యాభై పేజీలు అయిపోతాయి. బల్లమీద ఆడే వ్యూహాల ఆట తయారు చేసేవారికి ఇది బంగారు గని: ఆరుగురు ఆటగాళ్ళు, బయట జపాన్ కాచుకుని ఉంటుంది, ఎవరు ఎవరితో కలిసినా మూడో వాడికి నష్టం. కథకు మాత్రం నేను సలహా ఇవ్వను. ఎటు చూసినా సరిహద్దే ఉన్నప్పుడు ఏ సరిహద్దుకూ బరువు ఉండదు.

1937 డిసెంబరు: ట్రౌట్‌మన్ సంధి కుదిరితే

నా ఓటు దీనికే. అందుకే కాస్త తీరిగ్గా చెబుతాను.

1937 నవంబరు 5న చైనాలోని జర్మన్ రాయబారి ఆస్కార్ ట్రౌట్‌మన్ ఆ జులైలో చైనా మీద యుద్ధానికి దిగిన జపాన్ సంధి షరతులను చియాంగ్ ముందు పెట్టాడు. లోపలి మంగోలియాకు స్వయంపాలన. ఉత్తర చైనాలో మంచుకువో సరిహద్దు నుంచి బెయ్‌పింగ్, తియాన్‌జిన్‌ల దక్షిణం దాకా సైన్యం లేని ప్రాంతం. షాంఘై చుట్టూ అలాంటిదే, అప్పటికి ఉన్నదానికన్నా పెద్దది. జపాన్ వ్యతిరేక ప్రచారం ఆపాలి. కమ్యూనిజం మీద ఉమ్మడి పోరు. జపాన్ సరుకు మీద సుంకం తగ్గింపు. ఉత్తర చైనా పాలన నాన్జింగ్ చేతిలోనే ఉంటుంది, కానీ అక్కడి పెద్ద అధికారి జపాన్‌కు అనుకూలుడై ఉండాలి. ఇవి ఒప్పుకుంటే ప్రజాగ్రహంలో తన ప్రభుత్వమే కొట్టుకుపోతుందని చియాంగ్ అన్నాడు. బ్రసెల్స్‌లో జరుగుతున్న అంతర్జాతీయ సమావేశం ఏదో ఒకటి చేస్తుందని ఆశపడ్డాడు. అదేమీ చేయలేదు. ఈలోగా షాంఘై పోయింది. డిసెంబరు 2న, ఆ షరతుల మీద చర్చకు సిద్ధమేనన్నాడు.

అప్పటికి నాన్జింగ్ ఇంకా పడలేదు. డిసెంబరు 13న పడింది. గెలిచిన మత్తులో టోక్యో షరతులు పెంచింది. మంచుకువోను గుర్తించాలంది, నష్టపరిహారం అడిగింది, ఉత్తరాన ప్రత్యేక పాలన ఉండాలంది. 1938 జనవరి 16న ప్రధాని కొనోయే చియాంగ్ ప్రభుత్వంతో ఇక మాటల్లేవని ప్రకటించాడు. ఇక్కడ చాలామంది తిరగేసి ఊహించుకునే సంగతి ఒకటి ఉంది. చర్చలు తెంచేయాలన్నది మంత్రివర్గం. కొనసాగించాలని చివరిదాకా వాదించింది సైనిక ప్రధాన కార్యాలయం, ముఖ్యంగా ఉపాధిపతి తాదా హయావో. చైనా బురదలో కూరుకుపోతే రేపు సోవియట్ సైన్యాన్ని ఎదుర్కోవడం ఎలా అన్నది ఆయన బెంగ. యుద్ధం చాలించమని సైనికులు, సాగించమని పౌర మంత్రులు! ఇంత చక్కటి తిరకాసు కల్పించినా దొరకదు.

కాబట్టి తోపు చిన్నది. చియాంగ్ ఆ మాట డిసెంబరు 2న కాక నవంబరు మధ్యలో అనడం, లేదా జనవరి 15 సమావేశంలో తాదా మాట నెగ్గడం, ఈ రెంటిలో ఒకటి చాలు. మొదటిదాన్ని ఎంచుకుంటే మీ మీద ఒక భారం పడుతుందని మరచిపోకండి. నాన్జింగ్‌లో ఆ డిసెంబరు, జనవరి నెలల్లో జరిగిన ఊచకోత మీ కథలో జరగదు. 1938 జూన్‌లో జపాన్ సైన్యాన్ని ఆపడానికి చైనా సైన్యమే హువాయువాన్‌కౌ దగ్గర పసుపునది గట్టు తెంచి, లక్షల మంది సొంత జనాన్ని ముంచిన సంగతీ జరగదు. చెరిపేసినవాటిని ఊరకే చెరిపేశానని వదిలేసే రచయితను నేను నమ్మను. కథలో ఎక్కడో ఒకచోట, బతికిపోయామని తెలియని మనుషులు కనిపించాలి. గట్టు తెగని ఊళ్ళో గోధుమ కోతకు వచ్చిన ఒక వాక్యం చాలు.

ఇక గట్టు సంగతి. సంధి తర్వాతి ఉత్తర చైనాలో అధికారికంగా సరిహద్దే ఉండదు. జెండా నాన్జింగ్‌ది. పోలీసు చైనావాడే. పై అధికారి మాత్రం టోక్యోకు నచ్చినవాడు. స్టేషన్‌లో జపాన్ ఇంజినీర్లు, బజారులో తక్కువ సుంకంతో వచ్చిన జపాన్ బట్ట, పాఠశాలలో రెండు పేజీలు అతికించి మూసేసిన పాఠ్యపుస్తకం. ఆ "అనుకూల అధికారి" పాత్రను ఒక్కసారి ఊహించండి. దేశద్రోహి అని ఊరంతా అంటుంది, పొద్దున్నే వచ్చి కొడుకును విడిపించమని కాళ్ళు పట్టుకుంటుంది. ఈ పాత్ర కోసమే ఈ మలుపు రాయవచ్చు.

జర్మనీ మధ్యవర్తిగా ఎందుకు వచ్చిందని అడిగేవారుంటారు. అప్పటికి చియాంగ్ సైన్యానికి శిక్షణ ఇస్తున్నది ఫాల్కెన్‌హౌజెన్ నాయకత్వంలోని జర్మన్ సలహాదారులే. టంగ్‌స్టన్ తీసుకుని ఆయుధాలు ఇచ్చే బేరమూ నడుస్తోంది. ఇటు జపాన్‌తో పొత్తు, అటు చైనాతో వ్యాపారం, రెండూ కావాలి వాళ్ళకు. 1938లో హిట్లర్ జపాన్ వైపు తేల్చేసుకుని మంచుకువోను గుర్తించాడు, సలహాదారులను వెనక్కి పిలిపించాడు. మీ కథలో ఆ సలహాదారులు ఉండిపోతారు. 1939 తర్వాత వాళ్ళు ఎవరి మనుషులన్నది రెండో భాగానికి సరిపడే ప్రశ్న.

1940: వాంగ్ జింగ్‌వెయ్ ప్రభుత్వం నిజంగా ప్రభుత్వమైతే

వాంగ్ కూడా చియాంగ్ పార్టీ కుమింటాంగ్‌లో పెద్ద నాయకుడే, ఆ పార్టీ స్థాపకుడు సన్ యాట్ సేన్ మరణశయ్య పక్కన కూర్చుని వీలునామా రాసినవాడు. చియాంగ్ కన్నా సీనియర్ అని తనకూ తెలుసు, జనానికీ తెలుసు. 1938 డిసెంబరులో, నాన్జింగ్ పోయాక చియాంగ్ రాజధాని అయిన చోంగ్‌చింగ్ వదిలి హనోయి చేరాడు. అక్కడ ఆయన కోసం వచ్చిన హంతకులు పొరపాటున ఆయన అనుచరుడు జెంగ్ జోంగ్‌మింగ్‌ను చంపారు. 1940 మార్చి 30న జపాన్ అండతో నాన్జింగ్‌లో ప్రభుత్వం పెట్టాడు. పేరు అదే, పార్టీ అదే, జెండా కూడా అదే నీలాకాశంలో తెల్లని సూర్యుడు. తేడా ఏమిటంటే పైన ఒక పసుపు పచ్చని త్రికోణపు గుడ్డ, దాని మీద శాంతి, కమ్యూనిస్టు వ్యతిరేకత, దేశ నిర్మాణం అనే అక్షరాలు. ఆ పసుపు గుడ్డ పీకేస్తే రెండు ప్రభుత్వాలనూ ఎవరూ వేరుచేయలేరు. ఇలాంటి వస్తువు ఒకటి దొరికితే నేను కథ సగం అయిపోయినట్టే లెక్క వేసుకుంటాను.

తోపు మాత్రం పెద్దదే కావాలి. జపాన్ ఆయనకు అధికారం ఇవ్వదలచుకోలేదు, ఇస్తే గాని ఆయన వెంట జనం రారు. ఈ ముడి విప్పాలంటే టోక్యో స్వభావాన్నే మార్చాలి. అందుకే దీన్ని నవల మొత్తానికి మలుపుగా వాడమని చెప్పను. కానీ కథలకు, ముఖ్యంగా చిన్న కథలకు, ఇందులో ఉన్నంత ముడిసరుకు ఇంకెక్కడా లేదు. ఎందుకంటే ఇక్కడ గట్టు మనిషి జేబులోకి వచ్చింది.

డబ్బునే చూడండి. చియాంగ్ ప్రభుత్వపు ఫాబీ నోటు ఆక్రమిత షాంఘైలోనూ చెల్లింది. బెయ్‌పింగ్‌లో జపాన్ వారు పెట్టించిన బ్యాంకు నోటు వేరు. 1941 జనవరిలో వాంగ్ ప్రభుత్వం కొత్త బ్యాంకు తెరిచి మరో నోటు తెచ్చింది. ఏ నోటు ఏ దుకాణంలో చెల్లాలన్న గొడవలో షాంఘైలో ఇరు పక్షాల హంతకులూ బ్యాంకు ఉద్యోగులను కాల్చి చంపారు. తుపాకీ పట్టని గుమాస్తాలు నోటు కోసం చచ్చిపోయారు. 1942లో రెండు ఫాబీకి ఒక కొత్త నోటు అని మారకం కట్టారు. దాచుకున్న డబ్బు రాత్రికి రాత్రి సగమైన ఇల్లాలి ముందు ఏ జనరల్ యుద్ధ ప్రణాళిక నిలుస్తుంది?

జియెషౌ అనే ఊరి సంగతి కూడా చెప్పాలి. హెనాన్, అన్‌హుయ్ సరిహద్దులోని చిన్న ఊరు. పసుపునది వరద నీరే రెండు పక్షాల మధ్య గట్టయిన ప్రాంతం. అటు ఆక్రమిత నగరాల నుంచి గుడ్డ, మందులు, సిగరెట్లు. ఇటు నుంచి లోపలి జిల్లాల పంట. యుద్ధం సాగినన్నాళ్ళూ ఆ ఊరు వ్యాపారంతో కిటకిటలాడి "చిన్న షాంఘై" అనిపించుకుంది. పొద్దున కాల్చుకునే రెండు పక్షాలూ సాయంత్రం బేరమాడుకున్నాయి. ప్రత్యామ్నాయ చరిత్ర రాయడం మొదలుపెట్టేవారికి నా సలహా: మీ చీలిక ఏదైనా సరే, దాని గట్టు మీద ఒక జియెషౌ ఉండేలా చూసుకోండి.

1941: మాస్కో, టోక్యో పంచుకుంటే

పోటీ శక్తులు చైనాను పంచుకోవడం అంటే చాలామంది మనసులో ఉండేది ఇదే. ఆధారం లేకపోలేదు. 1939లో ఖల్ఖిన్ గోల్ దగ్గర కొట్టుకున్న ఆ ఇద్దరూ 1941 ఏప్రిల్ 13న తటస్థ ఒప్పందం చేసుకున్నారు. దానితో పాటు ఇచ్చిన ప్రకటనలో మంచుకువో జోలికి రామని మాస్కో, మంగోలియా జోలికి పోమని టోక్యో మాట ఇచ్చాయి. ఇద్దరూ హామీ ఇచ్చుకున్న నేల చైనా తనదనుకునేది. జపాన్ విదేశాంగ మంత్రి మత్సుఒకాను సాగనంపడానికి స్టాలిన్ స్వయంగా రైల్వే స్టేషన్‌కు వచ్చాడు. 1939లో హిట్లర్, స్టాలిన్ పోలండ్‌ను ఎలా పంచుకున్నారో గుర్తున్న లోకానికి ఆ దృశ్యం ఏమి స్ఫురింపజేసి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ప్రకటనకు మరో రెండు వాక్యాలు, షింజియాంగ్ మీకు, ఉత్తర చైనా మాకు అని చేర్చితే మీ పటం సిద్ధం.

అయినా ఇది నాకు అంతగా రుచించదు. గీత గోబీ ఎడారి మీదుగా పోతుంది. అక్కడ రోజూ గట్టు దాటే మనిషి తక్కువ. గూఢచారి కథ రాసేవారు మాత్రం సంతోషిస్తారు. అల్మా అటా నుంచి హామీ అనే ఊరి మీదుగా లాన్‌జౌ దాకా సోవియట్ లారీలు నడిచిన దారి ఒకటి ఉంది. దారిలో ఇంధనం డిపోలు, అనువాదకులు, తాగుబోతు డ్రైవర్లు, ఎవరి కోసం పనిచేస్తున్నాడో తనకే తెలియని వర్తకుడు. కమ్యూనిస్టుల గుండెలో రాయి పడే మలుపు కూడా ఇదే. గురువే తమ దేశాన్ని పంచుకుంటే యెనాన్‌లో మావో ముందు ఏ మాట మిగులుతుంది? ఈ ఒక్క గది, ఆ ఒక్క రాత్రి మీద నాటకం రాయవచ్చు. తర్వాత 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ మీద పడుతుంది. ఒప్పందం సిరా ఆరేలోపే దాని లెక్కలన్నీ తారుమారవుతాయి. ఆ గండాన్ని దాటించే ఉపాయం మీ దగ్గర ఉంటేనే దీనికి దిగండి.

1944: చోంగ్‌చింగ్ పడిపోతే

దీన్ని తొందరగా ముగిస్తాను. ఇచిగో దాడిలో జపాన్ దాదాపు 5 లక్షల సైన్యాన్ని దించింది. హెంగ్యాంగ్ 47 రోజులు నిలిచి పడింది, గుయిలిన్ పోయింది, డిసెంబరు నాటికి గుయిజౌలోని దూషాన్ దాకా వచ్చారు. ఇంకొంచెం ముందుకు వస్తే రాజధాని పోయేదే. కానీ అప్పటికే, జపాన్‌ను బాంబర్లు అందుకోగల సైపాన్ దీవి అమెరికా చేతిలో ఉంది. చోంగ్‌చింగ్ పడినా జపాన్ ఆయుష్షు ఏడాది పెరగదు. ఏడాది పాటు ఉండే చీలిక నవలకు చాలదు. హెంగ్యాంగ్ లోపల నలభై ఏడు రోజుల కథ రాయండి, దానికి ఏ మలుపూ అవసరం లేదు.

1946: సుంగారి నది గీతగా మారితే

ట్రౌట్‌మన్ తర్వాత నేను రెండో స్థానం ఇచ్చేది దీనికి. పెద్ద నవల తలపెట్టినవారు దీన్నే మొదటి స్థానంలో పెట్టుకున్నా నేను తగువుపడను.

1945 ఆగస్టు 9న దాదాపు 15 లక్షల సోవియట్ సైన్యం మంచూరియాలోకి దూసుకొచ్చింది. ఆ మరునాటి రాత్రి వాషింగ్టన్‌లో ఇద్దరు అమెరికా కర్నల్స్ ఒక పటం ముందేసుకుని కొరియాకు 38వ అక్షాంశం గీశారు. చైనాకు అలాంటి గీత ఎవరూ గీయలేదు. నేల మాత్రం దానంతటదే గీసుకుంది. 1946 మే నెలలో సిపింగ్ దగ్గర కమ్యూనిస్టు సేనాని లిన్ బియావో ఓడి ఉత్తరానికి తగ్గాడు. చాంగ్‌చున్, జిలిన్ కుమింటాంగ్ చేతికి వచ్చాయి, సుంగారి అవతల హర్బిన్ కమ్యూనిస్టులకు మిగిలింది. అమెరికా రాయబారి జార్జ్ మార్షల్ ఒత్తిడితో జూన్ మొదటి వారంలో చియాంగ్ యుద్ధం నిలిపాడు. అది కొద్దివారాల విరామంగానే మిగిలి, ఈలోగా లిన్ బియావో మళ్ళీ కూడదీసుకున్నాడు. ఆ విరామం గడ్డకట్టి శాశ్వతమైతే? దానికి కావలసిందల్లా రెండు రాజధానులూ "ఇప్పటికి చాలు" అనుకోవడం. కొరియాలో అదే జరిగింది.

గట్టుగా సుంగారికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. అది ఋతువును బట్టి మారే సరిహద్దు. వేసవిలో పడవ కావాలి, కాపలావాడికి లంచం కావాలి. చలికాలంలో నది గడ్డకడుతుంది, నడిచి దాటవచ్చు, బండి తోలవచ్చు. ఒక్క జిలిన్ నగరం దగ్గర మాత్రం గడ్డకట్టదు. పైన జపాన్ వారు కట్టిన ఫెంగ్‌మన్ ఆనకట్ట నుంచి వచ్చే నీరు చలికాలంలోనూ పొగలు కక్కుతూ పారుతుంది, ఒడ్డు చెట్లన్నిటికీ తెల్లని మంచు పూత పూస్తుంది. అంటే ఊరికి పైనా కిందా దూరాన కాలినడకన దాటే నది, ఊరి ముందు మాత్రం దాటనివ్వదు. ఇవతల ఒడ్డున తల్లి, అవతల ఒడ్డున కొడుకు ఉంటే పాఠకుడికి జనవరి నెల ఎప్పుడొస్తుందా అనిపిస్తుంది. ఆనకట్ట ఎవరి చేతిలో ఉంటే కరెంటు వారిది, అది వేరే పేచీ. ఫ్యాక్టరీల్లో యంత్రాలు సోవియట్ సైన్యం విప్పుకుని తీసుకుపోయింది, కాబట్టి ఆ కరెంటుతో నడపడానికి ఏముందన్నది ఇంకో పేచీ. హర్బిన్ వీధుల్లో విప్లవం నుంచి పారిపోయి వచ్చిన రష్యన్ కుటుంబాలు ఉన్నాయి. పాతికేళ్ళు తప్పించుకున్న సైన్యం వాళ్ళ గుమ్మంలోకే వచ్చింది.

లోపం ఒకటే, చదవవలసింది చాలా ఉంది. యాల్టా ఒప్పందం, 1945 ఆగస్టు 14న సంతకమైన చైనా సోవియట్ ఒప్పందం, మార్షల్ రాయబారం, అన్నీ కలిపి ఆరునెలల పని. తొందరపడితే మొదటి అధ్యాయంలోనే దొరికిపోతారు.

1949లో యాంగ్‌చీ నదిని గీతగా చేసుకునే ఊహ గురించి కూడా అడుగుతుంటారు. తాత్కాలిక అధ్యక్షుడు లీ జోంగ్రెన్ కమ్యూనిస్టులతో జరిపిన శాంతి చర్చలు ఫలించి దక్షిణం మిగిలినట్టు. అప్పటికి కుమింటాంగ్ నోటు చెత్తకాగితమైంది, సైన్యాలు పక్షాలు మారుస్తున్నాయి. దక్షిణాన్ని నిలబెట్టాలంటే మీరు 1945 నుంచీ మార్చుకుంటూ రావాలి. అలా వస్తే సుంగారి దగ్గరే తేలుతారు. ఇక జర్మనీ వచ్చి చైనాలో సగం తీసుకునే కథలు దయచేసి వద్దు. యుద్ధం గెలిచినా హిట్లర్‌కు అక్కడ ఓడ లేదు, రేవు లేదు, ఆసక్తీ లేదు.

తెలుగు పాత్ర కావాలంటే

ఉండి తీరాలని లేదు. నాన్జింగ్ వీధిలో గోదావరి కుర్రాడిని దించడం కన్నా చైనా మనిషినే శ్రద్ధగా రాయడం మేలు. షాంఘై సెటిల్‌మెంట్‌లో సిక్కు పోలీసులు ఉండేవారు, అది వాళ్ళ కథ. మనవాళ్ళకు నిజంగా తగిలే చోటు రంగూన్ రేవు. అక్కడ ఓడల సరుకు మోసిన కూలీల్లో తెలుగువారు చాలామంది, కోరంగివాళ్ళని పిలిచేవారు. చియాంగ్‌కు వెళ్ళే ఆయుధాలు, లారీలు ఆ రేవులో దిగి, రైల్లో లాషియో చేరి, బర్మా రోడ్డు మీదుగా కున్‌మింగ్ వెళ్ళేవి. 1940 జులైలో జపాన్ ఒత్తిడికి లొంగి బ్రిటన్ మూడు నెలలు ఆ రోడ్డు మూసింది. ట్రౌట్‌మన్ సంధి కుదిరిన లోకంలో ఆ రోడ్డు వేయవలసిన అవసరమే రాకపోవచ్చు, అంటే రేవులో ఆ పెట్టెలు దిగవు. చైనాలో చేతులు ఖాళీ అయిన జపాన్ ఎటు తిరుగుతుందన్నది అసలు భయం. నిజ చరిత్రలోనే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మీ లోకంలో అంతకన్నా పెద్ద దండు రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఏది రాసినా ముందు లెక్క వేసి రాయండి.

ఎవరికి ఏది

పది పేజీల కథ రాసేవారు వాంగ్ కాలపు షాంఘై లేదా జియెషౌ తీసుకోండి, మలుపును మాట వరసకు మాత్రం వాడండి. ఒకే నవల, ఒకే కుటుంబం అనుకుంటే ట్రౌట్‌మన్. రెండు తరాలు, మూడు భాగాలు అనుకుంటే సుంగారి. ఆటకు షియాన్. గూఢచారికి 1941. ఇంకా తేలకపోతే ఒక పరీక్ష ఉంది. నేను ప్రతి కథకూ ముందు ఇదే చేస్తాను.

మీ పాత్ర చేత ఒక ఉత్తరం రాయించండి. ఆశ్చర్యంగా ఉంటుంది గాని, యుద్ధం జరుగుతున్నా చైనా తపాలా చాలాకాలం రెండు వైపులకూ ఉత్తరాలు చేరవేసింది. కవరు మీద ఊరి పేరు బెయ్‌పింగ్ అని రాస్తాడా, బెయ్‌జింగ్ అనా? 1937లో జపాన్ అండ ఉన్నవారు బెయ్‌జింగ్ అని మార్చారు, చియాంగ్ పక్షం బెయ్‌పింగ్ అనే అంది. పైన సంవత్సరం ఏది వేస్తాడు? 1938 అనుకోండి. చోంగ్‌చింగ్ లెక్కలో అది గణతంత్రం 27. మంచుకువోలో చక్రవర్తి పు యీ పేరున కాంగ్‌దే 5. జపాన్ దుకాణంలో షోవా 13. మెంగ్జియాంగ్‌లో చెంఘిజ్ ఖాన్ నుంచి లెక్కపెట్టి 733. స్టాంపు ఏ నోటుతో కొంటాడు? అవతల కవరు విప్పేది అమ్మా, సెన్సారు అధికారా?

నా పాత కథలోని గూఢచారిని మొన్న అటక మీద నుంచి దించాను. ఈసారి అతన్ని షిజియాజువాంగ్ ప్లాట్‌ఫారం మీద దింపి, చేతిలో అలాంటి కవరు ఒకటి పెట్టాను. మీటర్ గేజ్ బండి రావడానికి ఇంకా మూడు గంటలుంది. అతను ఊరి పేరు రాసే చోట కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.